జిన్నింగ్ మిల్లు నుంచి ఇంటిదాకా: ఒక అంబాసిడర్ కథ

ఆదిలాబాద్ పాత బజార్ల వెంట గానీ, జగిత్యాల, మెట్‌పల్లి, మంచిర్యాల పట్టణాల సందుల్లో గానీ కాస్త నిదానంగా నడిచి చూడండి. ఏదో ఒక రేకుల షెడ్డు కింద, ఏదో ఒక పాత బంగళా గోడవారన దుమ్ము పట్టిన అంబాసిడర్ కారు కనిపిస్తుంది. టైర్లలో గాలి ఉండదు. అద్దాల మీద పిల్లలు వేలితో రాసిన పేర్లుంటాయి. ఇంటివాళ్లను అడిగితే "మా నాయిన కారు, అమ్మబుద్ధి కాలేదు, ఉంచినం" అంటారు. ఆ మాట అనే ఇళ్లు ఉత్తర తెలంగాణలో ఇప్పటికీ చాలానే ఉన్నాయి. ఈ ప్రసంగం వాళ్ల కోసం. ఆ కారును మళ్లీ నడిపించవచ్చు. అట్లాంటి కారునే ఒకదాన్ని నేను ఆదిలాబాద్ నుంచి కరీంనగర్‌కు నడుపుకుంటూ తెచ్చుకున్నాను. ఏ పని తర్వాత ఏ పని చేశామో, ఎవరి చేతుల మీదుగా జరిగిందో చెప్తాను. ఎందుకంటే ఆ వరుస తప్పితే పాత కారు ప్రాణాల మీదికి తెస్తుంది. ఆ చేతులు దొరక్కపోతే అసలు కదలనే కదలదు.

ఆ కారు మా మేనమామది. ఆయన ఆదిలాబాద్ పత్తి మార్కెట్‌లో ఖరీదుదారు. 1990లో కొత్తది కొన్నాడు. అంతకు ముందు ఏడాదే బండ్ల నంబర్ల పద్ధతి మారి ఆదిలాబాద్ జిల్లాకు ఏపీ 1, కరీంనగర్ జిల్లాకు ఏపీ 15 వచ్చాయి. తెల్లటి మార్క్ 4 అంబాసిడర్, పెట్రోలు బండి. స్టీరింగ్ పక్కన చేతి గేరు, ముందూ వెనకా పొడుగు సీట్లు. పత్తి సీజన్ మొదలైందంటే బోథ్, ఇచ్చోడ, జైనథ్ వైపు ఊళ్లన్నీ దాని మీదే తిరిగేవాడు. ఇంట్లో పెండ్లయితే పిల్లగాడు దిగింది ఆ కారులోనే. కాన్పుకు దవాఖానకు పోవాలన్నా, వేములవాడ మొక్కు తీర్చుకోవాలన్నా, బాసరలో పిల్లలకు అక్షరాభ్యాసం చేయించాలన్నా అదే కారు. మామకు చూపు మందగించాక దాన్ని ఒక పాత జిన్నింగ్ మిల్లు గోదాములో పెట్టించాడు. తర్వాత మిల్లు మూతపడ్డది. మామ పోయాడు. కారు అక్కడే ఉండిపోయింది.

పాత ఇనుప సామానువాళ్లు మా అత్తమ్మ చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. తూకం లెక్కన డబ్బులిస్తామన్నారు. ఆమె ఒప్పుకోలేదు. "మీ మామ దీన్ని నడిపినోడు గని కిలోల లెక్కన అమ్మెటోడు కాదు. నడిపిస్త అంటె తీస్కపో అల్లుడా, లేకుంటె ఉండనియ్యి" అన్నది. లారీ మీద వేసుకొని కరీంనగర్‌కు తెచ్చుకోవడం చాలా తేలిక. కానీ ఆమె నడిపించమన్నది. అందుకే నడిపే తేవాలనుకున్నాను.

అంబాసిడర్ గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. ఇంగ్లండ్‌లో మారిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు ఉండేది. దాని మూడో సిరీస్‌ను అక్కడ 1956 నుంచి 1959 దాకానే తయారుచేశారు. ఆ అచ్చులే కలకత్తా పక్కన ఉత్తరపారాలోని హిందుస్థాన్ మోటార్స్ కార్ఖానాకు వచ్చాయి. అక్కడ 1950ల చివర మొదలైన అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో గానీ ఆగలేదు. పుట్టిన దేశంలో మూడేండ్లు బతికిన ఆకారం మన దేశంలో అర్ధ శతాబ్దం దాటి బతికింది. 2017లో ఆ పేరును ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో కంపెనీ 80 కోట్ల రూపాయలకు కొనుక్కున్నది. మనవైపు కలెక్టర్ వచ్చినా, సింగరేణి పెద్ద ఆఫీసర్ వచ్చినా తెల్ల అంబాసిడర్‌లోనే వచ్చేవాడు. జగిత్యాల నుంచి ధర్మపురికి ట్యాక్సీ కట్టుకున్నా అంబాసిడరే. గుంతల రోడ్డును లెక్కచేయదు, పది మంది ఎక్కినా కాదనదు, రోడ్డు మీద ఆగిపోతే పానాలతోనే బాగుపడుతుంది. మోటుగా ఉంటుందనే వాళ్లున్నారు. ఆదిలాబాద్ అడవి దారులకు ఆ మోటుతనమే కావలసివచ్చింది.

ఇక గోదాము తలుపు తీసి చూస్తే కారు నిండా పత్తి నుసి. ఇన్నేండ్లుగా ఎగిరి పడ్డ దూది పొరలు పొరలుగా పేరుకొని ఉన్నది. బానెట్ ఎత్తితే ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుకలు గూడు కట్టుకున్నాయి. లోపల దూది పరుపు, చుట్టూ పత్తి గింజల పొట్టు, అక్కడక్కడా కొరికేసిన వైర్ల రంగు ముక్కలు. హెడ్‌లైట్లకు పోయే వైర్లలో సగం లేవు. కానీ కింద పడుకొని చూస్తే ప్రాణం లేచి వచ్చింది. అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్టు వేరే ఛాసిస్ ఉండదు. బాడీయే బలం. తలుపుల కింది పట్టీలు, వెనక కమాన్ కట్టలు బిగించే చోట్లు తుప్పు పట్టి బోలుగా అయితే ఆ కారు మీద ఎంత డబ్బు పోసినా దండగే. స్క్రూడ్రైవర్ మొనతో ఆ చోట్లన్నీ పొడిచి చూడాలి. లోపలికి దిగబడితే అక్కడితో ఆశ వదులుకోవచ్చు. మా కారులో ఎక్కడా దిగబడలేదు. పై కప్పు కారని గోదాము, పొడి నేల, వాటికి తోడు ఆదిలాబాద్ ఎండ, మూడూ కలిసి దాన్ని కాపాడాయి.

ఎవరి చేత చేయించాలన్నది తర్వాతి ప్రశ్న. ఇప్పటి కార్ల షోరూములకు పోతే వాళ్లు కంప్యూటర్ తగిలించే చోటు కోసం వెతుకుతారు. ఆదిలాబాద్‌లో చిన్నప్పటి నుంచీ అంబాసిడర్లు, జీపులే విప్పిన ఒక పెద్దాయన ఉన్నారని మార్కెట్ హమాలీలు చెప్పారు. అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు. మామ కారును కూడా ఆయనే చూసేవారట. వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ వైపు కన్నెత్తి కూడా చూడకుండా వెనక చక్రం పక్కన కూచున్నారు.

"ఇంజిన్ సంగతి తర్వాత సార్. ఉరుకుడు ఎట్లనన్న ఉరుకుతది. ముందుగాల ఆగుడు చూద్దాం" అన్నారు.

ఈ ప్రసంగంలో శ్రోతలు గుర్తుపెట్టుకోవలసిన మాట ఒక్కటుంటే అది ఇదే. పాత కారు దొరకగానే అందరికీ ఇంజిన్ స్టార్ట్ చేయాలన్న ఆరాటం ఉంటుంది. బ్యాటరీ తెచ్చి సెల్ఫ్ కొడతారు. అది అన్నిటికన్నా ముందు ఇంజిన్‌కే చేటు. దానికన్నా పెద్ద ప్రమాదం ఏమిటంటే, ఇంజిన్ పలికిందన్న సంబరంలో బ్రేకులు లేని బండిని రోడ్డెక్కిస్తారు. మనవైపు వాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా ప్రాణాలు పోయాయి. దిగే రోడ్డు మీద బండి అదుపు తప్పితే ఏమవుతుందో జగిత్యాల చుట్టుపక్కల ఊళ్లు చూశాయి.

బ్రేకులు ఎందుకు చెడతాయో చెప్తాను. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉన్నది. బండి నడుస్తున్నప్పుడు ఆయిల్ అప్పుడప్పుడు మారుస్తాం కాబట్టి తెలియదు. ఏండ్ల తరబడి నిలబడితే ఆ తేమే లోపలి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. చక్రాల దగ్గరి సిలిండర్లలో పిస్టన్లు బిగుసుకుపోతాయి, రబ్బర్లు గట్టిపడి పగుళ్లిస్తాయి. ఈ అంబాసిడర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. లోపలి షూలు డ్రమ్ముకు అతుక్కుపోయి మా కారులో వెనక చక్రాలు రెండూ అసలు తిరగలేదు. ఉస్తాద్ ఇనుప సుత్తె పట్టలేదు. చెక్క సుత్తెతో డ్రమ్ము చుట్టూ మెల్లగా కొడుతూ, అడ్జస్టర్ వదులు చేసుకుంటూ విప్పారు. ఇనుప సుత్తెతో కొడితే పోత డ్రమ్ము పగులుతుందని పక్కన సాయం చేస్తున్న కుర్రాడికి చెప్పారు. మాస్టర్ సిలిండర్ కిట్టు, వీల్ సిలిండర్లు, పైపులు, హోసులు అన్నీ కొత్తవి వేశాం. పాతవి ఒక్కటీ వాడలేదు.

కొత్త ఆయిల్ పోశాక పైపుల్లోంచి గాలి తీయాలి. కుర్రాడు సీట్లో కూచొని పెడల్ తొక్కుతుంటే ఉస్తాద్ వెనక చక్రం దగ్గర నిపుల్‌కు సన్న గొట్టం తగిలించి, దాని రెండో కొస ఆయిల్ ఉన్న సీసాలో ముంచారు. "కొట్టు... కొట్టు... పట్టు" అనగానే కుర్రాడు పెడల్ అదిమిపట్టేవాడు. ఉస్తాద్ నిపుల్ పావు చుట్టు వదలగానే సీసాలో బుడగలు. మళ్లీ బిగించడం, మళ్లీ "కొట్టు". బుడగలు ఆగిపోయి ఆయిల్ తీగలాగా వచ్చేదాకా ఒక్కో చక్రం దగ్గరా అదే పని. చివరికి పెడల్ సగంలోనే కాలికి గట్టిగా తగిలింది. ఉస్తాద్ తానే కూచొని తొక్కి చూసుకొని అప్పుడు బానెట్ ఎత్తారు.

ఇంజిన్ దగ్గర కూడా ఆయన తొందరపడలేదు. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్‌లోకి కిరోసిన్, ఇంజిన్ ఆయిల్ కలిపి పోసి వదిలేశారు. చాలాకాలం కదలని పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు పట్టేసి ఉంటాయి. నానకుండా సెల్ఫ్ కొడితే రింగులు విరుగుతాయి, గోడలకు గీతలు పడతాయి. అప్పుడు బోరు చేయించాల్సిందే. నానిన తర్వాత ముందు బంపర్ దగ్గరి రంధ్రంలోంచి హ్యాండిల్ రాడ్ దూర్చి చేత్తోనే తిప్పారు. మొదట రాలేదు. బలం పెట్టలేదు ఆయన. ముందుకు కొంచెం, వెనక్కి కొంచెం ఊపుతూ పోతే పావు చుట్టు కదిలింది. ఆ తర్వాత అర చుట్టు. మధ్యాహ్నానికి పూర్తిగా తిరిగింది. ప్లగ్గు రంధ్రాల్లోంచి ఎర్రటి తుప్పు నీళ్లు, నల్లటి నూనె చిమ్ముతుంటే కుర్రాడు గుడ్డ అడ్డం పట్టి నిలబడ్డాడు. ఆ ఇంజిన్ 1489 సీసీ, నాలుగు సిలిండర్లది. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ బి-సిరీస్ ఇంజిన్‌కు తోబుట్టువు. ఫైరింగ్ వరుస ఒకటి, మూడు, నాలుగు, రెండు. కుర్రాడు ఆ వరుసను అరచేతిలో రాసుకున్నాడు.

పెట్రోలు ట్యాంకు విప్పితే ఘాటైన వార్నిష్ వాసన. నిలవున్న పెట్రోలులో తేలికైనదంతా ఆవిరైపోయి అడుగున జిగురు మిగులుతుంది. ఆ జిగురు కార్బురేటర్‌లోకి పోతే సన్నని దారులన్నీ మూసుకుపోతాయి. ట్యాంకులో గులకరాళ్లు, కిరోసిన్ పోసి ఇద్దరు అటొకరు ఇటొకరు పట్టుకొని ఊపి ఊపి కడిగారు. ఎస్‌యూ కార్బురేటర్ పైమూత తీసి పిస్టన్‌ను వేలితో పైకెత్తి వదిలితే అది టక్కుమని కింద పడాలి. మాది మధ్యలోనే నిలబడింది. శుభ్రం చేసి, పైన సన్న నూనె పోసిన తర్వాత ఆ టక్కు వినిపించింది. డెల్కోలో, అంటే డిస్ట్రిబ్యూటర్‌లో, పాయింట్లు, కండెన్సర్ మార్చారు. పెట్రోలు లాగే ఏసీ పంపుకు కొత్త డయాఫ్రం వేశారు. రేడియేటర్‌ను విప్పి మాటు వేసేవాళ్ల దగ్గరికి పంపారు. హోసులు, ఫ్యాన్ బెల్టు, వైరింగ్ మొత్తం కొత్తవే.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. 2025 నాటికి దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే బంకుల్లో దొరుకుతున్నది. ఈ కార్ల రబ్బర్లు ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకొని చేసినవి కావు. అవి ఉబ్బి, మెత్తబడి పెట్రోలు కారుతుంది. వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారిందంటే మంటలే. కాబట్టి పెట్రోలు తగిలే ప్రతి రబ్బరు గొట్టం, ప్రతి వాషర్ ఇథనాల్‌ను తట్టుకునేది చూసి మార్చుకోవాలి. ఖర్చుకు వెనకాడాల్సిన చోటు ఇది కాదు.

సామాన్ల మాటకొస్తే, తయారీ ఆగి ఇన్నేండ్లయినా అంబాసిడర్ సామాను ఇంకా దొరుకుతున్నది. కొన్ని సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, మరికొన్ని కలకత్తా మల్లిక్ బజార్ నుంచి పార్సిల్‌లో వచ్చాయి. కలకత్తాలో పసుపు ట్యాక్సీలు గడువు తీరి వరుసగా తుక్కుకు పోతున్నాయి. వాటి తలుపు పిడులు, లైట్ల చట్రాలు మన కార్లకు పనికొస్తున్నాయి. కొత్తవని చెప్పి అమ్మే రబ్బరు సామాను మాత్రం చేత్తో వంచి చూసి తీసుకోండి. అరలో ఏండ్లపాటు ఉన్న రబ్బరు వాడకపోయినా పాతదే. టైర్లకు కూడా అదే మాట. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. గాడి లోతు చూసి మోసపోవద్దు, ఆ అంకెలు చూడండి.

ఒక సాయంత్రం మూడో సెల్ఫ్‌కో నాలుగో సెల్ఫ్‌కో ఇంజిన్ అందుకున్నది. మొదట రెండు సిలిండర్లతో కుంటుతూ, తర్వాత నాలుగూ కలిసి. గోదాము అంతా నీలిపొగ. డాష్‌బోర్డు మీద ఆయిల్ లైటు ఆరేదాకా ఉస్తాద్ చేయి తాళం మీది నుంచి తీయలేదు. అది ఆరిన తర్వాతే బయటికొచ్చి మా అత్తమ్మకు ఫోన్ చేయమన్నారు. ఫోన్‌ను ఇంజిన్ దగ్గర పెట్టాను. ఆమె ఏమీ మాట్లాడలేదు, చాలాసేపు వింటూ ఉన్నది.

కాగితాల పని దీనికంటే చిన్నదేమీ కాదు. పదిహేనేండ్లు దాటిన బండి రోడ్డెక్కకూడదని మనవైపు చాలామంది అనుకుంటారు. అది ఢిల్లీ, ఆ చుట్టుపక్కల ప్రాంతాలకు వచ్చిన ఆదేశాల మాట. అక్కడ పదేండ్లు దాటిన డీజిల్, పదిహేనేండ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద ఆంక్షలు పెట్టారు. తెలంగాణలో సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేండ్లు, ఆ తర్వాత బండిని చూపించి ఐదేండ్లకొకసారి పొడిగించుకోవచ్చు. దానికి ఫారం 25. యజమాని చనిపోతే వారసుల పేరు మీదికి మార్చడానికి ఫారం 31. మేము ముందు అత్తమ్మ పేరు మీదికి మార్పించాం. గడువు తీరిన బండిని రోడ్డు మీద నడపకూడదు కాబట్టి తనిఖీకి డీసీఎం మీద ఎక్కించుకొని పోయాం. పొడిగింపు ఫీజు కార్లకు 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5 వేలకు పెరిగింది. 20 ఏండ్లు దాటిన కార్లకు 2025లో 10 వేలు చేశారు. ఆలస్యానికి జరిమానా, గ్రీన్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ వీటికి అదనం. ఈ లెక్కంతా ముందే వేసుకొని దిగాలి.

కొందరు "ఇది వింటేజ్ కారు కదా, వేరే నంబరు ఇస్తారు కదా" అంటారు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏండ్లు దాటి, అసలు రూపం మారని బండ్లకే వింటేజ్ గుర్తింపు. వాటి నంబరులో వీఏ అన్న అక్షరాలుంటాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేలు, అది పదేండ్లు చెల్లుతుంది. కానీ ఆ బండిని రోజూ వాడుకోకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలు పోయించుకోవడానికో, మరమ్మతుకో మాత్రమే బయటికి తీయాలి. మీ ఇంట్లో 1960ల నాటి అంబాసిడరో, ఫియట్టో, విల్లీస్ జీపో ఉంటే ఆ దారి ఆలోచించండి. 1990 నాటి కారుకు మామూలు దారే మేలు.

అన్నీ అయ్యాక శివరాత్రి వెళ్లిన వారం, తెల్లవారుజామున ఆదిలాబాద్ నుంచి బయలుదేరాం. ఉస్తాద్ తానూ వస్తానన్నారు. కారు వెనక సీటులో నీళ్ల క్యాన్లు, ఫ్యాన్ బెల్టు, పాయింట్ల సెట్టు, పానాలు, గుడ్డలు. గుడిహత్నూర్, ఇచ్చోడ, నేరడిగొండ. ఇప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి వెడల్పుగా, నున్నగా ఉన్నది. అద్దానికి ఫాస్టాగ్ అతికించుకున్న అంబాసిడర్‌ను టోల్‌గేటు పిల్లలు వింతగా చూసి ఫోటోలు తీసుకున్నారు. నేను గంటకు 50 దాటించలేదు. బండి ఇంకా ఎక్కువ పోతుంది. కానీ ఇన్నాళ్లు కదలని బేరింగులు, సీళ్లు మెల్లగా కుదురుకోవాలి.

నిర్మల్ చేరేముందు దిగుడు. పాతరోజుల్లో ఇటువైపు డ్రైవర్లు మహబూబ్ ఘాట్ పేరు చెప్పగానే కాస్త జాగ్రత్తపడేవారు. దిగేటప్పుడు డ్రమ్ బ్రేకులను అదేపనిగా తొక్కితే అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ఉస్తాద్ మూడో గేరులోకి దించమన్నారు. ఇంజిన్ గుర్రుమంటూ బండిని పట్టి ఉంచింది, పెడల్ మీద కాలు అప్పుడప్పుడు ఆనిస్తే సరిపోయింది. రోజుల తరబడి ఆయన చక్రాల దగ్గర ఎందుకు కూచున్నారో ఆ దిగుడు మీద నా పాదానికి తెలిసింది.

సోన్ దగ్గర గోదావరి వంతెన దాటి, ఎగువన ఉన్న శ్రీరాంసాగర్‌ను తలచుకొని, ఆర్మూర్ వైపు తిరిగేసరికి ఎండ ముదిరింది. ఆర్మూర్ రాళ్లగుట్టలు కనిపిస్తుండగా ఇంజిన్ దగ్గి దగ్గి ఆగిపోయింది. ఉస్తాద్ కంగారుపడలేదు. బానెట్ ఎత్తి ఏసీ పంపు మీద తడిగుడ్డ చుట్టి, దాని మీద నీళ్లు పోస్తూ కూచున్నారు. వేడికి పంపులో, గొట్టంలో పెట్రోలు ఆవిరైపోతే పంపు దాన్ని లాగలేదు. మెకానిక్‌లు ఎయిర్ లాక్ అంటారు. చల్లబడితే ఆవిరి మళ్లీ పెట్రోలవుతుంది. మేం ఒక వేపచెట్టు కింద చాయ్ తాగి వచ్చేసరికి బండి ఒక్క సెల్ఫ్‌కే పలికింది. ఎండాకాలం అంబాసిడర్ నడిపిన ప్రతి డ్రైవరుకూ తెలిసిన వైద్యమే ఇది. ఈ తరంలో ఎందరికి తెలుసు?

అక్కడి నుంచి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల. ఊరు ఊరునా ఎవరో ఒక పెద్దమనిషి చేయి అడ్డం పెట్టి ఆపేవాడు. మెట్‌పల్లిలో ఒకాయన కిటికీ దగ్గరికొచ్చి చేతి గేరు పట్టుకొని, "పదిహేనేండ్లు ట్యాక్సీ కొట్టిన, ఒక్కసారి మార్చి చూస్త బాబూ" అని అడిగారు. క్లచ్ నేను తొక్కితే బయట నిలబడే నాలుగు గేర్లూ వరుసగా వేసి చూసి, మా తలుపు మీద చరిచి పంపించారు. కొండగట్టు దగ్గర కారును పైకి ఎక్కించలేదు. గుట్ట కిందనే ఆపి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి అంజన్నకు దండం పెట్టుకున్నాం. కరీంనగర్ వాళ్లకు కొత్త బండి కొంటే అక్కడికి పోవడం ఆనవాయితీ. మా బండి ఆ రోజు కొత్తదే. గంగాధర, కొత్తపల్లి దాటి పొద్దుగూకేవేళ ఇల్లు చేరాం. అత్తమ్మ ముందు రోజే బస్సులో వచ్చి ఉన్నది. వాకిట్లో హారతిచ్చి, ముందు సీట్లో కూచొని "మార్కెట్ దాకా ఒక చక్కర్ కొట్టు" అన్నది.

ఇంత చెప్పాక అసలు చెప్పదలచుకున్నది చెప్తాను. ఈ కారును బతికించింది నా డబ్బు కాదు, నా పట్టుదల కూడా కాదు. ఆ ఉస్తాద్ చేతులు. డ్రమ్మును ఎక్కడ కొట్టాలో, పిస్టన్ టక్కు ఎట్లా వినిపించాలో, తడిగుడ్డ ఎక్కడ చుట్టాలో ఆయన ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆయనకు వాళ్ల ఉస్తాద్ చూపించారు. ఇట్లాంటివాళ్లు కరీంనగర్‌లో, మంచిర్యాలలో, గోదావరిఖనిలో, కాగజ్‌నగర్‌లో ఇంకా ఉన్నారు. కానీ చాలామంది షెడ్లు మూసేశారు. వాళ్ల కొడుకులు వేరే పనుల్లోకి పోయారు. కార్లు షెడ్లలో ఇంకో పదేండ్లయినా ఉంటాయి. ఈ మనుషులు అప్పటిదాకా ఉంటారన్న నమ్మకం లేదు.

పాత బండిని కాపాడుకోవడం నవాబుల, జమీందార్ల ముచ్చట అనుకోవద్దు. ఇప్పటి ఆర్టీసీకి మూలమైన నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. ఆ రోజుల నాటి ఆల్బియన్ బస్సును ఒకదాన్ని హైదరాబాద్‌లో ఆర్టీసీ భద్రంగా దాచుకున్నది. అది జనం ఎక్కిన బస్సు. మన అంబాసిడర్లు కూడా జనం ఎక్కినవే. ఎవరి కాన్పుకో, ఎవరి పెండ్లికో, ఎవరి ఆఖరి ప్రయాణానికో పోయిన బండ్లు. జిల్లా మ్యూజియంలోనో, పాలిటెక్నిక్ కాలేజీ ఆవరణలోనో ఒక్కొక్కటైనా నడిచే స్థితిలో ఉంచితే, ఆటోమొబైల్ చదివే పిల్లలు చేత్తో విప్పి నేర్చుకోవడానికి అంతకన్నా మంచి ఇంజిన్ దొరకదు. ఐటీఐల్లో నెలకొక రోజు ఇట్లాంటి ఉస్తాద్‌ను పిలిచి, గౌరవంగా పారితోషికమిచ్చి పాఠం చెప్పించవచ్చు. అది పెద్ద ఖర్చు కాదు.

మీ ఇంట్లోనో, మీ బంధువుల ఇంట్లోనో అట్లాంటి కారు ఉంటే ఈ వారమే వెళ్లి చూడండి. తలుపు కింది పట్టీలు పొడిచి చూడండి. ఆర్‌సీ పుస్తకం ఎక్కడుందో వెతకండి. బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టొద్దు. మీ ఊళ్లో అంబాసిడర్ విప్పిన పాత మేస్త్రీ ఎవరున్నారో కనుక్కొని, ఆయన్ను పిలుచుకొచ్చి ముందు బ్రేకులు చూడమనండి. ఆయన పని చేస్తున్నప్పుడు పక్కన ఒక పిల్లగాణ్ణి కూచోబెట్టండి. వర్షాకాలం రాకముందే ఈ పని మొదలుపెట్టండి.